మోటార్లన్నీ ఒక్కరోజే కాలిపోవు

ఈ వారం ఒక మిత్రుడు నాకో ఎస్టిమేటు కాగితం చూపించాడు. అప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. అతని దగ్గర 1989 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఈ ఉంది. కంపెనీ డబ్ల్యూ126 అని పిలిచే తరం కారు. డ్రైవరు సీటు ఉన్నట్టుండి మొరాయించింది. ముందుకు రాదు, వెనక్కి పోదు, లేవదు, దిగదు, వీపు వాలదు. పేరున్న ఒక వర్క్‌షాపు పరీక్షించి, మోటార్లన్నీ పోయాయని, అన్నీ మార్చాలని, విడిగా దొరక్కపోతే సీటుకు సీటే విదేశం నుంచి పాతది తెప్పించాలని రాసిచ్చింది. కింద వేసిన మొత్తంతో మంచి సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది.

సీటును ముందుకీ వెనక్కీ జరిపేది ఒక మోటారు. ఎత్తు మార్చడానికి వేరే మోటార్లు. వీపు వాల్చడానికి మరొకటి. నిన్నటిదాకా పనిచేసినవన్నీ ఇవాళ పొద్దున్నే కూడబలుక్కుని కాలిపోయాయా? ఆ ప్రశ్న ఆ కాగితం రాసినవాళ్లకు తట్టకపోవడమే నన్ను బాధపెట్టింది.

ఈ కారు ఆషామాషీ కారు కాదు. 1979లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చి 1991 దాకా తయారైంది. సెడాన్లే 8 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. బ్రూనో సాకో నేతృత్వంలో గీసిన ఆ రూపం ఇవాళ్టికీ పాతబడలేదు. నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం దాని తలుపు మీదుండే స్విచ్చు. అది చిన్న సీటు ఆకారంలోనే ఉంటుంది. బొమ్మ సీటు అడుగుభాగాన్ని ముందుకు తోస్తే అసలు సీటు ముందుకొస్తుంది, వీపుభాగాన్ని వెనక్కి వంచితే వీపు వాలుతుంది. అక్షరం ముక్క రానివాడికీ క్షణంలో అర్థమవుతుంది. అంత శ్రద్ధగా మనిషి కోసం ఆలోచించి చేసిన వస్తువును విప్పేవాళ్లు, అందులో సగమైనా ఆలోచన పెట్టొద్దా?

సీటు వైరింగులో బ్రహ్మవిద్యేమీ లేదు. మెమరీ లేని సీట్లలో మరీ తేలిక. ప్రతి మోటారుకీ రెండు తీగలు. ఒకదానికి ప్లస్, రెండోదానికి ఎర్తు ఇస్తే ఒకవైపు తిరుగుతుంది. తీగలు అటూ ఇటూ మారిస్తే రెండోవైపు తిరుగుతుంది. ఆ మార్పిడి చేసేదే స్విచ్చు. కాబట్టి ఏది పనిచేయడం లేదన్నదే తప్పు ఎక్కడుందో సగం చెప్పేస్తుంది. అన్ని కదలికలూ ఒకేసారి ఆగిపోతే తప్పు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నచోట వెతకాలి. అంటే ఫ్యూజు, రిలే, మెయిన్ తీగ, ఎర్తు. ఒక కదలిక మాత్రమే రెండు వైపులా ఆగితే ఆ మోటారునో, దాని తీగలనో, స్విచ్చులో ఆ ముక్కనో అనుమానించాలి. మోటారు రొద వినిపిస్తూ సీటు కదలకపోతే కరెంటుతో పనే లేదు. మోటారు నుంచి గేరుకు బలం తీసుకెళ్లే మెలితీగ షాఫ్టు కొన జారి ఉంటుంది, లేదా గేరు పళ్లు అరిగి ఉంటాయి.

ముందుకు పోతూ వెనక్కి మాత్రం రాని సీటు విషయంలో ఒక తిరకాసుంది. ఇలాంటి స్విచ్చుల్లో మామూలుగా రెండు తీగలూ ఎర్తు మీదే విశ్రాంతిగా కూర్చుంటాయి. ‘వెనక్కి’ నొక్కినప్పుడు ఒక తీగ ఎర్తును వదిలి ప్లస్ మీదికి వెళ్తుంది. రెండోది కూర్చున్నచోటే ఉండి ఎర్తు అందిస్తుంది. అంటే వెనక్కి రాకపోవడానికి కారణం ‘ముందుకు’ వైపు కాంటాక్టుకు పట్టిన చిలుము కావచ్చు. ఇది తెలియనివాడు ఒక వైపు కాంటాక్టునే గీకి గీకి, చివరికి మోటారు మీద నేరం మోపుతాడు.

మరి ఆ వర్క్‌షాపు మోటార్లను ఎందుకు తప్పుపట్టింది? సీటు కింది కనెక్టరులో మీటరు పెట్టి చూశారు. 12.3 వోల్టులు చూపించింది. ‘కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు, కాబట్టి మోటారే పోయింది’ అనుకున్నారు. మన ఊళ్లలో సగం మంచి మోటార్లు ఈ ఒక్క వాక్యానికి బలై చెత్తబుట్టలో పడుతున్నాయి. డిజిటల్ మీటరు తాగే కరెంటు లేనట్టే లెక్క. దాని లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. చిలుము పట్టిన కాంటాక్టు గుండా, ఒకే ఒక్క పోగు మిగిలిన తీగ గుండా కూడా దానికి 12 వోల్టులు కనిపిస్తాయి. మోటారుకు ఆంపియర్లు కావాలి. దారిలో ఎక్కడో అర ఓము అడ్డుందనుకోండి. మోటారు 10 ఆంపియర్లు లాగితే అక్కడే 5 వోల్టులు ఆవిరవుతాయి, మోటారుకు మిగిలేది ఏడే. మీటరు ఒక్కటే పెట్టినప్పుడు ఆ అర ఓము ఉన్నట్టే కనిపించదు.

మిత్రుణ్ణి మా వీధి చివర ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పంపాను. ఆయన అడిగిన మొదటి మాట, ‘‘మీటరు పెట్టి చూశారు సరే, బల్బు పెట్టి చూశారా సార్?’’ ఆయన సంచిలో 21 వాట్ల బ్రేకు లైటు బల్బు ఉంది. రెండు తీగలు, చివర రెండు క్లిప్పులు. అంతే పరికరం. ఆ బల్బు దాదాపు ఒకటిముప్పావు ఆంపియర్లు లాగుతుంది. సీటు కనెక్టరులో తగిలిస్తే బల్బు ఎర్రగా, నీరసంగా మినుకుమంది. బల్బును వెలుగుతుండగానే వదిలేసి, అప్పుడు మీటరు తీశాడు. కరెంటు పారుతుండగా బ్యాటరీ నుంచి ఒక్కో మజిలీకి ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలుచుకుంటూ వెళ్లాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టె దాకా పోయినవి 0.1. ఫ్యూజుకు ఈ క్లిప్పు నుంచి ఆ క్లిప్పుకు ఏకంగా 7.

ఆ కాలపు జర్మన్ కార్లలో ఫ్యూజు అంటే ఇప్పటి ప్లాస్టిక్ బిళ్ల కాదు. పింగాణీ కడ్డీ. పైన ఒక లోహపు పట్టీ, రెండు కొనలూ మొనదేలి ఉంటాయి, రెండు స్ప్రింగు క్లిప్పుల మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. తెల్లది 8 ఆంపియర్లు, ఎర్రది 16, నీలిది 25. చాలావాటి పట్టీలు అల్యూమినియానివి. ఏళ్ల తరబడి తేమ తగిలితే కొనల మీద బూడిదలాంటి తెల్లని పొర కడుతుంది. పట్టీ తెగదు. చూసినవాడు ఫ్యూజు బాగానే ఉందనుకుంటాడు. మిత్రుడి కారులో జరిగింది సరిగ్గా ఇదే. ఎలక్ట్రీషియన్ ఫ్యూజును వేలితో రెండు మూడుసార్లు తిప్పగానే బల్బు తెల్లగా వెలిగింది. క్లిప్పులను గరుకు కాగితంతో రుద్ది, రాగి పట్టీ ఉన్న కొత్త ఫ్యూజు వేశాడు. మోటార్లు ఒక్కటి కూడా పోలేదు.

ఇలా లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, మజిలీ మజిలీకీ కొలవడాన్నే వోల్టేజ్ డ్రాప్ పరీక్ష అంటారు. నన్నడిగితే ఇది రానివాణ్ణి ఆటో ఎలక్ట్రీషియన్ అనకూడదు. లోడు మీద ఎర్తు వైపు 0.2 వోల్టులకు మించి, ప్లస్ వైపు అర వోల్టుకు మించి పోతుంటే ఆ దారిలో జబ్బు ఉన్నట్టే. సీటు కింద బాడీకి బిగించిన ఎర్తు బోల్టు, కార్పెట్ తడిసి తుప్పు పట్టిన కనెక్టరు, తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో వేలసార్లు వంగి లోపల తెగిన తీగ, ఇవన్నీ ఆ బల్బుకు దొరికిపోతాయి. మోటారు మీద అంత అనుమానముంటే బ్యాటరీ నుంచి ఫ్యూజున్న రెండు తీగలు నేరుగా దానికే ఇచ్చి చూడండి. తిరిగిందా, మోటారు నిర్దోషి. అయిదు నిమిషాల పని. ఒక్క హెచ్చరిక మాత్రం ఇవ్వాలి. 1990ల రెండో సగం నుంచి వచ్చిన చాలా కార్ల సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగు ఉంటుంది. దాని తీగలు సాధారణంగా పసుపు కనెక్టరులోకి వెళ్తాయి. వాటి జోలికి బల్బూ పోకూడదు, మీటరూ పోకూడదు.

1950ల, 60ల అమెరికన్ కార్ల సంగతి వేరని కొందరు గుర్తుచేస్తారు. నిజమే. చాలావాటిలో ఆరు వైపుల సీటుకూ ఒకటే మోటారు. మూడు సోలినాయిడ్లు ఏ షాఫ్టును కలపాలో నిర్ణయిస్తాయి. అక్కడ సీటంతా ఆగిపోతే మోటారును అనుమానించడం న్యాయమే. కానీ అక్కడ కూడా ముందు చెవి పెట్టి వినాలి. నొక్కినప్పుడు సోలినాయిడు టక్కుమని, మోటారు మాత్రం పలకకపోతే ఒక దారి. టక్కు కూడా లేకపోతే ఇంకో దారి. వినకుండా విప్పడం ఎక్కడైనా తప్పే.

వైరింగ్ డయాగ్రాము చేతిలో ఉంటే ఈ పని ఇంకా సులువు. జర్మన్లు తీగ కొనలకు అంకెలు పెట్టి ప్రమాణంగా స్థిరపరిచారు. 30 అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే ప్లస్, 31 ఎర్తు, 15 తాళం తిప్పాక వచ్చేది, 85, 86 రిలే చుట్టకు, 87 రిలే నుంచి బయటికి. చదువు సగంలో ఆపేసిన మన ఎలక్ట్రీషియన్లకు కూడా రిలే మీది ఈ అంకెలు కంఠతా వచ్చు. డయాగ్రాము ఇస్తే చదవగలరు. ఇచ్చేవాళ్లేరీ? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. వీధి ఎలక్ట్రీషియన్ ఫోనులో ఏ కారు సీటు డయాగ్రామైనా తెరుచుకునే రోజు వస్తేనే దాన్ని హక్కు అంటాను.

ప్రభుత్వం రెండో చేత్తో చేస్తున్నది చూస్తే ఇంకా కడుపు మండుతుంది. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. దిగుమతి కారైతే 80 వేలు. 50 ఏళ్లు దాటినవాటికి మాత్రం 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చారు. పదేళ్ల రిజిస్ట్రేషనుకు 20 వేలు, ఆ తర్వాత పొడిగింపుకు 5 వేలే. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 రోల్స్ రాయిస్‌ను చూసి మనమంతా మురిసిపోతాం. మంచిదే. కానీ 1980ల కారు 50 ఏళ్లు నిండేదాకా బతకాలంటే మధ్యలో ఎవరో దాన్ని బతికించాలి కదా. ఆ మధ్య కాలంలోనే దాని మీద పెద్ద రుసుము వేసి, విడిభాగాలు దొరకవని భయపెట్టి, ఒక ఫ్యూజు కోసం సీటంతా మార్చమని చెప్పి తుక్కుకు తోలుతున్నాం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 30 ఏళ్లు నిండిన వాహనాన్నే చారిత్రకమని గుర్తిస్తుంది. మన నిబంధనలోని ఆ 50ని 30 చేయడానికి ఒక నోటిఫికేషన్ చాలు. పైసా ఖర్చు లేదు. రవాణా శాఖ ఆ పని ఈ ఏడాదే చేయాలి.