మింగింది దాచకండి



మిరప కోతలు వచ్చాయంటే మన పల్లెల్లో తెల్లవారకముందే ఇళ్ళు ఖాళీ అవుతాయి. తల్లి కూలికి వెళ్తుంది, లేదా కళ్ళంలో తాలుకాయలు ఏరుతుంది. పసిబిడ్డ నాయనమ్మ దగ్గరో, ఎనిమిదేళ్ళ అక్క దగ్గరో ఉంటాడు. పాకే బిడ్డకు చేతికి దొరికినదల్లా నోటిలోనికి వెళ్ళవలసినదే. రూపాయి బిళ్ళ, పిన్నీసు, చొక్కా గుండీ, చింతగింజ, ఏదో ఒకటి గుటుక్కున మింగుతాడు.

ఆ తరువాత జరిగేదే విచారకరం. కొడతారని అక్క చెప్పదు. అత్త ఏమంటుందోనని కోడలు చెప్పదు. తెలిసిన తరువాత కూడా "రేపు దొడ్డికి పోతే అదే వస్తుందిలే" అని అరటిపండు, అన్నం ముద్ద మింగిస్తారు. గొంతులో వేలు పెట్టి కెలుకుతారు. రాత్రికి బిడ్డ చొంగ కారుస్తూ పాలు త్రాగనప్పుడు ఆటో కోసం పరుగెత్తుతారు. మింగిన వస్తువు కంటే దాచిన గంటలే బిడ్డకు ఎక్కువ హాని చేయవచ్చు.

కడుపులోనికి దిగిన వస్తువులు పదింటిలో ఎనిమిదో తొమ్మిదో వాటంతటవే బయటికి వస్తాయన్నది నిజమే. కాని కడుపులోనికి దిగిందో, అన్నవాహికలో ఇరుక్కుందో మన కంటికి తెలియదు. ఎక్స్‌రే తీయించాలి. ఇరుక్కున్న బిళ్ళను సాధారణంగా కోత లేకుండానే, మత్తు ఇచ్చి, నోటి ద్వారా గొట్టం పంపి తీస్తారు. అందుకు కడుపు ఖాళీగా ఉండాలి. కాబట్టి దారిలో తిండి, నీళ్ళు పెట్టవద్దు, వాంతి చేయించవద్దు.

క్షణం కూడా ఆగకూడనిది బటన్ బ్యాటరీ. క్రిస్మస్‌కు కొనే మెరిసే బొమ్మల్లో, గడియారాల్లో, రిమోట్లలో ఉంటుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే ఆ తడికి విద్యుత్తు ప్రవహించి, క్షారము పుట్టి, రెండు గంటలలోనే లోపల కాలిపోతుంది. బిడ్డ ఆడుకుంటూనే ఉండవచ్చు, లోపల కాలుతూనే ఉండవచ్చు. మార్కాపురం నుండి ఒంగోలు చేరడానికే దాదాపు రెండు గంటలు పడుతుంది గదా! ఏడాది నిండిన బిడ్డయై, మింగి పన్నెండు గంటలు దాటక, గుటక వేయగలిగితే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకుండా. ఏడాదిలోపు బిడ్డకు తేనె ఇవ్వకూడదు. తేనె కోసం ప్రయాణం ఆపకూడదు. ఒకటికి మించి అయస్కాంతాలు మింగినా ఇంతే తొందర. అవి పేగుల గోడల మధ్య ఒకదాన్నొకటి లాక్కొని చిల్లు చేస్తాయి.

వస్తువు గాలిగొట్టంలో అడ్డుపడితే వేరు. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. ఏడవలేక, ఊపిరి తీయలేకపోతే, ఏడాదిలోపు బిడ్డను తల క్రిందుగా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, రెక్కల మధ్య ఐదు దెబ్బలు వేయండి. తరువాత వెల్లకిలా త్రిప్పి, రొమ్ము ఎముక మీద రెండు వ్రేళ్ళతో ఐదుసార్లు నొక్కండి. పెద్ద బిడ్డకు వీపు మీద ఐదు దెబ్బలు వేసి, వెనుక నుండి పట్టుకొని బొడ్డుకు పైన పిడికిలితో లోనికి, పైకి ఐదుసార్లు నొక్కండి. అడ్డు తొలగే వరకు ఇలాగే చేయాలి. వేరుశెనగ గింజ ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. తింటూ ఉక్కిరిబిక్కిరైన బిడ్డకు తరువాత దగ్గు, పిల్లికూతలు వదలకపోతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

పత్తి మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచడం మానండి. కిరోసిన్ గాని, పురుగుమందు గాని త్రాగితే వాంతి చేయించక, ఆ డబ్బా కూడా తీసుకొని ఆసుపత్రికి వెళ్ళండి. 2005 నుండి మన రాష్ట్రంలో 108 అంబులెన్సు ఉంది. గుంటూరు, ఒంగోలు పట్టణాలలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి.

"ముందు అయ్యగారి చేత ప్రార్థన చేయిద్దాం" అంటారు కొందరు. మంచిదే. అయ్యగారిని కూడా ఆటోలో కూర్చోబెట్టుకోండి, ప్రార్థన దారిలో జరుగుతుంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా సారా కుగ్లర్ మిషనెరీ, వైద్యురాలు కూడా. స్త్రీల కోసం, బిడ్డల కోసం ఆమె శ్రమించగా 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరవబడింది. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ లేదని మన సంఘాలకు ఆనాడే తెలుసు.

చివరిగా ఒక మాట. మంచి సమరయుడు దారిలో పడియున్న వానిని "ఈ దారిన ఎందుకు వచ్చావు?" అని అడగలేదు. గాయాలు కట్టి, తన పశువు మీద ఎక్కించుకొని వెళ్ళాడు. మన ఇంట్లో కూడా తప్పెవరిదన్న విచారణ ఆ రోజుకు ఆగాలి. పరుగున వచ్చి నిజం చెప్పిన పిల్లను తిట్టకండి, మెచ్చుకోండి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత మీ పిల్లలతో ఈ ఒక్క మాట చెప్పండి: "ఏది మింగినా, ఎవరు మింగినా వెంటనే చెప్పు, నిన్ను ఎవరూ కొట్టరు."

ప్రభువు మీ పిల్లలను కాపాడును గాక.