షార్టు ఎక్కడుందో తెలుగులో చెప్పలేమా?

మాతృభాషా హక్కు అనగానే మనకు ముందుగా బడి గుర్తుకు వస్తుంది. తరువాత కోర్టు, కచేరీ, దుకాణాల పేరుపలకలు. మన సభల తీర్మానాలు చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతాయి. పదో తరగతి దాటి, ఏదో ఒక చేతిపని నేర్చి బతకాలనుకునే కుర్రవాడు ఆ పనిని ఏ భాషలో నేర్చుకుంటున్నాడన్న ప్రశ్న మాత్రం మన వేదికల మీద అరుదుగా వినిపిస్తుంది. బడి గడప దాటగానే భాషా హక్కు ముగిసిపోతుందా?

ఈ ప్రశ్నను ఒక చిన్న ఉదాహరణతో పరిశీలిద్దాం. పిల్లలు ఆడుకునే వీడియో గేమ్ యంత్రం బోర్డులో షార్టు వస్తే దానిని కనిపెట్టి సరిచేయడమే ఆ ఉదాహరణ. ఇంత గంభీరమైన ఉద్యమానికి ఆటవస్తువుల ఊసెందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ వంటివి వేల రూపాయల సరుకు. వాటి బోర్డుపై పని తెలిసినవాడు సెల్‌ఫోను బోర్డుపైనా, ల్యాప్‌టాప్ బోర్డుపైనా, టీవీ బోర్డుపైనా పనిచేయగలడు. చిన్న ఊరిలో, కొద్దిపాటి పెట్టుబడితో, ఒక బల్ల, ఒక మీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్‌తో నిలబడగల వృత్తి ఇది.

మా లక్ష్మీపూర్ కొరాపుట్ జిల్లాలోని బ్లాకు కేంద్రం. రాయగడ జిల్లా సరిహద్దుకు దగ్గర. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేవరకు ఈ జయపురం సీమ మద్రాసు ఆధిపత్యంలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. 1992లో రాయగడ వేరే జిల్లా అయింది. గీతలు ఎన్నిసార్లు మారినా, తెలుగు కుటుంబాలు ఇక్కడే ఉన్నాయి. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగు వినబడని వీధి తక్కువ. మరమ్మతు బల్ల దగ్గర గురువు శిష్యుడికి చెప్పే మాట తెలుగే. చదవవలసిన కాగితం, చూడవలసిన బోర్డు పటం మాత్రం ఇంగ్లీషు. సర్కారీ శిక్షణ కేంద్రానికి వెళితే ఒడియా, ఇంగ్లీషు. చెవితో నేర్చినదానికీ, చేతిలో ఉన్న కాగితానికీ మధ్య వంతెన లేదు. ఆ వంతెన లేనందువల్ల జరిగే నష్టం ఎలాంటిదో పని వివరాలలోకి వెళితేనే తెలుస్తుంది.

గేమ్ యంత్రం బోర్డుకు అందిన ఓల్టేజిని ఆ బోర్డు అనేక లైన్లుగా విడగొట్టుకుంటుంది. ఒకటి 12 ఓల్టులు, ఒకటి 5, మరొకటి 3.3, ప్రాసెసరుకు సుమారు 1 ఓల్టు. వీటిలో ఏ లైనైనా గ్రౌండుతో నేరుగా కలిసిపోతే అది షార్టు. కారణాలు అనేకం. వానాకాలపు చెమ్మ, లోపల కాపురం పెట్టిన బొద్దింకలు, ఛార్జింగ్ పోర్టులో వంగిన పిన్ను, పగిలిన సిరామిక్ కెపాసిటరు. ప్లేస్టేషన్ 5లో ప్రాసెసరు వేడిని లాగడానికి వాడిన ద్రవలోహం పక్కకు జారినా షార్టు కావచ్చు. స్విచ్‌లో ఛార్జింగ్ వ్యవహారం చూసే ఎం92టి36 అనే ఐ.సి. చెడిపోవడం పనివారందరికీ తెలిసినదే.

కొత్తగా నేర్చినవాడు మీటరును బీప్‌పై పెట్టి బోర్డంతా తాకుతూ పోతాడు. కూత వచ్చిన ప్రతిచోటా షార్టనుకుంటాడు. అసలు తప్పు ఇక్కడే మొదలవుతుంది. చాలా మీటర్లు కొన్ని పదుల ఓముల లోపు ఏది కనబడినా కూస్తాయి. ప్రాసెసరు లైనులో ఏ లోపమూ లేకపోయినా గ్రౌండుకు ఒకటి రెండు ఓములే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే ఉండవచ్చు. అది షార్టు కాదు, ఆ లైను స్వభావం. కనుక కూతను నమ్మక, ఓముల అంకె చూడాలి. వీలైతే అదే రకం మంచి బోర్డు అంకెతో పోల్చాలి. ఈ తేడా తెలియనివాడు బాగున్న ప్రాసెసరు పోయిందని తీర్పు చెప్పి, యంత్రాన్ని తుక్కుకు పంపుతాడు.

రెండవ చిక్కు ఇంకా కష్టమైనది. ఒకే లైనుకు పదుల సంఖ్యలో కెపాసిటర్లు పక్కపక్కనే తగిలించి ఉంటాయి. వాటిలో ఒక్కటి చెడినా, మీటరు అన్నింటి దగ్గరా ఒకేలా కూస్తుంది. ఏది దోషో మీటరు చెప్పదు. ఒక్కొక్కటే ఊడదీసి చూస్తూ పోతే బోర్డు మీది రాగి పొర లేచిపోతుంది. పద్ధతి తెలిసినవాడు బెంచి సప్లయితో ఆ లైనుకు బయటినుంచి కొద్దిగా కరెంటు ఇస్తాడు. దోషమున్న భాగమే ముందుగా వేడెక్కుతుంది. పైన పలుచగా ఐసోప్రొపైల్ ఆల్కహాలు పూస్తే అది ఆ చోటే ముందు ఆరిపోతుంది. థర్మల్ కెమెరా ఉంటే మరీ సులువు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. ఇచ్చే ఓల్టేజి ఆ లైను అసలు ఓల్టేజిని మించరాదు, కరెంటుకు హద్దు పెట్టాలి. 1 ఓల్టు లైనుకు 5 ఓల్టులు ఇస్తే చిన్న కెపాసిటరుతో పోయే నష్టం ప్రాసెసరు దాకా పోతుంది. ఫ్యూజు కాలితే కారణం వెతకకుండా తీగ చుట్టి ఇచ్చే అలవాటూ ఇటువంటిదే.

వీటన్నిటికన్నా ముఖ్యం ప్రాణం. సప్లయి పెట్టె లోపలే ఉండే యంత్రాలలో 230 ఓల్టుల గృహవిద్యుత్తు డి.సి.గా మారి పెద్ద కెపాసిటరులో సుమారు 325 ఓల్టులుగా, కొన్నింటిలో అంతకు మించి నిలుస్తుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు ఉండవచ్చు. ఆ పెట్టెపై హెచ్చరిక అచ్చయి ఉంటుంది. చదవలేని భాషలో ఉన్న హెచ్చరిక హెచ్చరికేనా?

పైన నేను రాసినదంతా తెలుగే. ఇందుకు కొత్త మాటలేవీ పుట్టించవలసి రాలేదు. షార్టు, లైను, గ్రౌండు, కాయిలు, మీటరు అనే మాటలు మన పనివారి నోట నలిగి తెలుగైపోయాయి. వాటిని తోసేసి సంస్కృత సమాసాలు కట్టి అందిస్తే బల్ల దగ్గరి కుర్రవాడు ఆ పుస్తకాన్ని పక్కన పెడతాడు. మాట ఎక్కడిదైనా కావచ్చు. ఎందుకు, ఎలా, ఎప్పుడు వద్దు అన్న వివరణ తల్లిభాషలో ఉండాలి. కూతకూ షార్టుకూ తేడా ఏమిటో వివరించేది పదకోశం కాదు, వాక్యం.

ఇక చట్టం సంగతి. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన వసతి కల్పించాలంటుంది, కానీ ప్రాథమిక దశ దగ్గరే ఆగిపోతుంది. తరగతికి పదిమంది, లేదా బడికి నలభైమంది ఉంటే ఆ భాషా ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్న సూత్రం 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుంచి ఉంది. ఆ సూత్రాన్ని వృత్తిశిక్షణకు విస్తరించమని అడగడానికి అడ్డేమిటి? 2021లో ఇంజనీరింగు చదువును తెలుగు, ఒడియాలతో సహా 11 భారతీయ భాషలలో బోధించవచ్చునని అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతించింది. ఇంజనీరుకు తగిన భాష మెకానిక్కుకు తగదా?

2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలో పేర్కొన్న రంగాలు. కంపెనీలు మరమ్మతు సమాచారాన్ని దాచిపెట్టరాదన్నది ఆ ఆలోచన వెనుక ఉన్న న్యాయం. మంచిదే. కానీ ఇచ్చిన సమాచారం చదవగల భాషలో లేకపోతే, ఇవ్వడానికీ దాచడానికీ పనివాడి వరకు భేదమేమిటి? భాషా హక్కు తోడు లేని మరమ్మతు హక్కు సగం హక్కే.

ఒడిశాలో ఉంటూ ఒడియా నేర్చుకోక ఈ గొడవేమిటని అడిగేవారున్నారు. ఒడియా నేర్చుకోవాలి, ఇక్కడి మన పిల్లలు నేర్చుకుంటున్నారు కూడా. ఇంగ్లీషు బోర్డు పటమూ చదవగలగాలి. మనం అడిగేది వాటికి బదులు కాదు, వాటి దాకా చేర్చే మెట్టు. అదే నోటితో మరొక మాట కూడా అనాలి. మా బ్లాకులో కువి మాట్లాడే కోదులు ఉన్నారు, దేశియా మాట్లాడేవారు ఉన్నారు. కువి తెలుగుకు దగ్గరి చుట్టం, అదీ ద్రావిడ భాషే. మనకు కావలసిన హక్కును వారికి కాదంటే మనది హక్కుల ఉద్యమం అనిపించుకోదు.

కనుక చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కొరాపుట్, రాయగడ జిల్లాల శిక్షణ కేంద్రాలలో ఒక విభాగంలో పదిమంది తెలుగు విద్యార్థులుంటే తెలుగులో వివరణ, తెలుగు పుస్తకం, తెలుగులో రాసే అవకాశం కోరాలి. ఏ బాధ నివారణకైనా దేశంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విజ్ఞాపన ఇచ్చుకునే హక్కు 350వ అధికరణం ఇచ్చింది. ఆ విజ్ఞాపనను తెలుగులోనే రాయాలి. ప్రతిని 350-బి కింద నియమితుడైన భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపాలి. ఆంధ్ర, తెలంగాణలలో తెలుగులో తయారయ్యే వృత్తివిద్యా పుస్తకాలు సరిహద్దు దాటి ఇక్కడికి చేరాలి. ప్రభుత్వాలు కదిలేలోగా మనం చేయగలిగినదీ ఒకటుంది. పని తెలిసిన మెకానిక్కును కూర్చోబెట్టి, అతడు చెప్పింది చెప్పినట్టు రాసి, పటాలతో ముప్పై పేజీల పుస్తకం అచ్చువేయడం. ఒక సన్మానసభకయ్యే ఖర్చు దానికి చాలు.