రీలోడ్ కొట్టకండి

స్పాయిలర్ ఉంది, ముందే సారీ.

పోలండ్ రచయిత సప్కోవ్‌స్కీ రాసిన విచర్ కథల్లో మళ్లీ మళ్లీ వచ్చే చిక్కు ఒకటుంది: రెండు చెడుల్లో ఏది చిన్నది? పుస్తకంలో ఆ బాధ గెరాల్ట్‌ది. మనం జాలిపడి పేజీ తిప్పేస్తాం. 2015లో వచ్చిన విచర్ 3 గేమ్‌లో మాత్రం తేల్చాల్సింది మనమే.

పిల్లలు బతుకుతారని చెట్టులో బందీగా ఉన్న ఆత్మని వదిలేశాను. బతికారు. కానీ ఒక ఊరు నాశనమైంది, బారన్ భార్య చచ్చిపోయింది, బారన్ ఉరేసుకున్నాడు. వెంటనే పాత సేవ్ లోడ్ చేయబోయి ఆగిపోయాను. బారన్ కోసం వెనక్కి వెళ్తే ఆ పిల్లల్ని నేనే చంపినట్టు కదా!

రోల్‌ప్లే అంటే కత్తీ కవచం కాదు, చేసినదానికి పూచీ పడటం. రీలోడ్ కొడుతూ ఆడటమంటే కీ పక్కన పెట్టుకుని పరీక్ష రాయడమే. కనీసం మొదటిసారైనా మీ తప్పుతోనే ముందుకెళ్లండి.