రోడ్డు పక్క ఊళ్ళను అడగరా?

పల్నాడు జిల్లాలో రోడ్డు ప్రమాదాల నివారణ గురించి చర్చలు జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో జరుగుతుంటాయి. చర్చ జరగడం మంచిదే. కాని ఆ చర్చ రోడ్డు పక్క ఊళ్ళకు, తండాలకు రావలసిన అవసరం ఎంతైనా ఉన్నది. అందుకు ఎత్తిపోతల కంటె తగిన చోటు మరొకటి లేదు.

నాగార్జునసాగర్ డ్యాముకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో చంద్రవంక 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు ఇది. సెలవు వస్తే చాలు, జలపాతం చూడవచ్చే కార్లు, టూరిస్టు బస్సులు, మోటారు సైకిళ్ళతో మాచర్ల–సాగర్ రోడ్డు నిండిపోతుంది. నకిరేకల్ నుంచి ఏర్పేడు దాకా పోయే 565 నంబరు జాతీయ రహదారి కూడా సాగర్, మాచర్లల మీదుగానే పోతుంది గనుక లారీల రద్దీ సరేసరి. ఈ బండ్ల మధ్యనే తండాల మేకల మందలు, బడి పిల్లలు, మిరప చేలకు పోయే కూలీల ఆటోలు. చూడవచ్చినవారు ఒక పూట ఉండి పోతారు. ఈ రోడ్డు దాటనిదే పూట గడవనివారు మాత్రం ఇక్కడివారే.

జిల్లాలో జరిగిన మూడు ఘోరాలను గుర్తు చేసుకుందాం. 2022 మే 29 రాత్రి శ్రీశైల దర్శనం చేసుకుని మినీ వ్యానులో తిరిగివస్తున్న రెంటచింతల వాసులు, ఇల్లు చేరబోతుండగా, ఆగి ఉన్న లారీని వ్యాను ఢీకొని ప్రాణాలు కోల్పోయారు. 2023 మే 17న దాచేపల్లి మండలం పొందుగుల వద్ద, నల్లగొండ జిల్లా నుంచి ఆటోలో కూలికి వస్తున్న మహిళలు లారీ ఢీకొని మరణించారు. 2025 ఫిబ్రవరి 9న ముప్పాళ్ళ మండలంలో కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు మహిళలు చనిపోయారు. మూడు సందర్భాలలోనూ బలైపోయినవారు సరుకు బండిలోనో, ఆటోలోనో, ట్రాక్టరు మీదనో ప్రయాణం చేస్తున్న వారే. రోడ్డు భద్రత గురించి వీరిని ముందుగా అడిగినవారెవరు?

ప్రమాదకర స్థలాలను గుర్తించడానికి ప్రభుత్వానికి ఒక లెక్క ఉన్నది. సుమారు 500 మీటర్ల రోడ్డు మీద మూడేళ్ళలో ప్రాణం పోయిన లేదా తీవ్రగాయాలైన ప్రమాదాలు 5 జరిగినా, లేక 10 మంది చనిపోయినా, దానిని బ్లాక్ స్పాట్‌గా రాసుకుంటారు. అంటే రోడ్డు చెడ్డదని కాగితం మీదకు ఎక్కాలంటే ముందు ప్రాణాలు పోవాలి. ఊరివారికి అంత లెక్క అక్కరలేదు. ఏ మలుపులో లారీలు వెనుక లైటు లేకుండా ఆగుతాయో, ఏ కల్వర్టుకు పిట్టగోడ లేదో, ఏ చోట కంపచెట్లు పెరిగి ఎదుటి బండి కనపడదో వారికి కంఠతా వచ్చు. పది చావుల తర్వాత తెలిసేది, పది మందిని అడిగితే ముందే తెలుస్తుంది.

ఇలా అడగడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన రహదారి భద్రతా కమిటీ ఉండాలనీ, అందులో పోలీసు, వైద్య, రోడ్ల, రవాణా శాఖల అధికారులతో పాటు పౌర సమాజం నుంచి కూడా సభ్యులు ఉండాలనీ సుప్రీంకోర్టు 2017 నవంబరు 30న ఆదేశించింది. పౌర సమాజమంటే పట్నంలోని పెద్దమనుషులని మాత్రమే అర్థం చెప్పుకోరాదు. కూలి ముఠా నడిపే మేస్త్రీ, ఆటో డ్రైవరు, ఆర్టీసీ డ్రైవరు, బడి పంతులు, తండా పెద్ద — వీరు చెప్పేది వినకుండా ఆ కుర్చీ భర్తీ అయినట్లు కాదు.

ఊరంతా కూర్చోవడానికి గ్రామసభ ఉండనే ఉన్నది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున గ్రామసభలు జరిపి ఉపాధి హామీ పనుల గురించి చర్చించారు. పని కోసం ఊరిని కూర్చోబెట్టగలిగిన ప్రభుత్వం ప్రాణం కోసం కూర్చోబెట్టలేదా? అయితే సభను పగలు పదకొండు గంటలకు పెడితే కూలీలు రారు. కూలివారు ఇళ్ళకు చేరిన తర్వాత పెట్టాలి. ఆడవారు ముందు వరుసలో కూర్చుని మాట్లాడేటట్లు చూడాలి.

అడిగితే వచ్చే జవాబులు స్పీడు బ్రేకర్లతో ఆగవు. ఆటోలో పరిమితికి మించి ఎందుకు ఎక్కుతారని ఒక ముఠాను అడిగి చూడండి, బస్సు సంగతి ఎత్తుతారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. కాని తెల్లవారకముందే చేనికి బయలుదేరే వేళకు ఆ దారిన బస్సు లేకపోతే టిక్కెట్టు లేకుండా ఏం లాభం? ప్రమాదం తగ్గాలంటే బస్సు వేళ మార్చాలన్న మాట ఇంజనీరు నోట రాదు. కూలి చేసుకునే మనిషి నోటనే రావాలి.

ఇక రోడ్డు ఎవరిదన్న చిక్కు ఒకటి. జాతీయ రహదారి ఒకరిది, రాష్ట్ర రోడ్డు ఆర్ అండ్ బీ వారిది, ఊళ్ళోకి పోయే రోడ్డు పంచాయతీరాజ్ వారిది. మూడూ కలిసే చోట గుంట పడితే అర్జీ ఎవరికి ఇవ్వాలో రైతుకు తెలియదు. కనుక సభకు మూడు శాఖలవారూ ఒకేసారి రావాలి. చెప్పినవన్నీ రాసుకుని పోతే చాలదు. ఏది ఒప్పుకున్నారు, ఏది కాదన్నారు, ఎందుకు కాదన్నారు, ఒప్పుకున్న పని ఎప్పటికి పూర్తవుతుంది అన్న నాలుగు సంగతులు నెల తిరిగేలోగా పంచాయతీ బోర్డు మీద అంటించాలి. జవాబు రాని సభకు మరోసారి జనం రారు.

ప్రజల బాధ్యత లేదని కాదు. రోడ్డునే కళ్ళం చేసి ధాన్యం ఆరబోయడం, చుట్టూ రాళ్ళు పేర్చి రాత్రికి అలాగే వదిలేయడం మన పనే. హెల్మెట్ ఇంట్లో మేకుకు తగిలించి బండి ఎక్కేదీ మనమే. కాని మనిషి అన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు ప్రాణం పోకుండా రోడ్డును తీర్చాలి అన్న సూత్రాన్ని స్వీడన్ పార్లమెంటు 1997లోనే ఆమోదించింది. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలోనే 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారు. ఇందరి తప్పూ వారిదేనని చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఏటా శివరాత్రికి ముందు కోటప్పకొండ తిరునాళ్ళ కోసం అన్ని శాఖలవారూ కూర్చుని ప్రభల దారి ఏది, బస్సుల దారి ఏది అని వివరంగా నిర్ణయిస్తారు. ఒక పండుగకు చేతనైన పని మిగిలిన రోజులకు చేతకాదా? మిరప కోతలు ముమ్మరమై కూలీల బండ్లు రోడ్డెక్కకముందే కలెక్టరుగారు మొదటి సభను ఎత్తిపోతల వద్ద జరపాలి. ఆ తర్వాత రెంటచింతల, దాచేపల్లి, ముప్పాళ్ళలలోనూ జరపాలి. ఇప్పటికే మనుషులను పోగొట్టుకున్న ఊళ్ళు చెప్పేది వినడానికి ఇంకొక ప్రమాదం దాకా ఆగనక్కరలేదు.