మేనేజర్ మీద ఫిర్యాదు వినే కమిటీ ప్రతి సంస్థలోనూ వెయ్యాలి

విజయవాడ సంస్థల యజమానులకు, ఉద్యోగులకు విజ్ఞప్తి

బందరు రోడ్డు షోరూముల్లో, ఆటోనగర్ వర్క్‌షాపుల్లో, సూర్యారావుపేట ఆసుపత్రుల్లో, ఫైనాన్స్ బ్రాంచీల్లో పనిచేసేవాళ్ళకు కంపెనీ అంటే మేనేజరే. డ్యూటీ వేసేదీ, సెలవు ఇచ్చేదీ, టార్గెట్ పెట్టేదీ, జీతం పెంచమని పైకి రాసేదీ ఆయనే. ఆయన మీద చెప్పుకోవాలన్నా ఆయన దగ్గరికే వెళ్ళాలి. అందరి ముందూ తిట్టినా, టార్గెట్ అందనివాళ్ళ పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టినా, ఎదురు చెప్పినవాడికి వారం సెలవు ఎగ్గొట్టినా ‘ఆయన తత్వమే అంత’ అని సర్దుకుపోతున్నాం. ఎవరి తత్వం ఎలాంటిదైనా అడిగేవాళ్ళుంటే అదుపులో ఉంటుంది. అడిగే ఏర్పాటు చెయ్యని యాజమాన్యానిదే ఇందులో పెద్ద తప్పు.

ఆ ఏర్పాటు చట్టంలోనే ఉంది. 20 మంది, అంతకు మించి కార్మికులున్న పారిశ్రామిక సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని పారిశ్రామిక వివాదాల చట్టానికి 2010లో చేసిన సవరణే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ నాలుగో సెక్షన్ కూడా అదే అంటోంది. కమిటీలో యాజమాన్యం వైపు ఎందరో కార్మికుల వైపు అందరే ఉండాలి, మొత్తం 10 మందికి మించకూడదు. అధ్యక్ష స్థానం ఏటా ఒక పక్షం నుంచి మరో పక్షానికి మారాలి. మహిళలకు వాళ్ళ సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. విచారణ 30 రోజుల్లో ముగియాలి. అన్నిటికంటే విలువైన నియమం మరొకటుంది: కార్మిక ప్రతినిధుల్లో సగానికి మించి ఒప్పుకోకపోతే నిర్ణయం జరిగినట్టే కాదు. కమిటీని యాజమాన్యం తన చేతిలో పెట్టుకోకుండా కాపాడేది ఇదే. నెల జీతం 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లు ఈ కోడ్ కిందికి రారు. మేనేజర్ ఒత్తిడి ముందుగా పడేది వాళ్ళ మీదే కనుక సంస్థలే చొరవ తీసుకుని వాళ్ళ ఫిర్యాదులూ వినాలి.

గట్టిగా లేకపోతే పని జరగదని యజమానులు అంటారు. శ్రావణంలో, సంక్రాంతికి బట్టల కొట్టు నడపడం తేలిక కాదు, నిజమే. కానీ గట్టిగా పని చేయించడానికి మనిషిని చిన్నబుచ్చనక్కర్లేదు. అసలు మేనేజర్ల వల్ల తేడా ఉందా అని గూగుల్ 2008లో తన ఉద్యోగుల సర్వేలనే పరిశీలించుకుంది. మంచి మేనేజర్ల కింద పనిచేసేవాళ్ళు ఉద్యోగం మానడం తక్కువని తేలింది. పని నేర్పడం, ప్రతి చిన్నదానిలో తల దూర్చకపోవడం అలాంటి మేనేజర్ల లక్షణాల్లో ముందు వరుసలో నిలిచాయి. సరుకూ ఖాతాదారులూ తెలిసిన సేల్స్‌మన్ మాటపడలేక ఎదురు కొట్టుకి వెళ్ళిపోతే నష్టం ఎవరిది? ఇక దొంగ ఫిర్యాదులు వస్తాయన్న భయం. ఇరుపక్షాలూ కూర్చుని విచారిస్తే తప్పు చెయ్యని మేనేజర్‌కి మచ్చ పోతుంది, చాటు గుసగుసలతో అది ఎప్పటికీ పోదు. మేనేజర్ యజమాని బంధువైన చోట కమిటీ మరీ అవసరం, అక్కడ ఉద్యోగి నోరు ముందే మూతపడి ఉంటుంది.

యజమానులారా, కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టండి. ఉద్యోగులారా, కమిటీ కావాలని రాతపూర్వకంగా అడగండి. జరిగినదాన్ని తేదీతో సహా రాసిపెట్టుకుని ఏడాదిలోపు ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ న్యాయం జరగకపోతే 60 రోజుల్లోపు మీ యూనియన్ ద్వారా రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారి దగ్గరికి వెళ్ళే హక్కు మీకుంది.