‘అసాధారణ’ అక్షరాలు

“ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులో పెట్టుకోరాదూ? ఈ గొడవంతా ఎందుకు?” అని మిత్రులొకరు సెలవిచ్చారు. వారికి నా సమాధానం ఇది.

నా కథల ప్రతులను దాచుకోవడానికి విండోస్‌లో గిట్ స్థాపించుకున్నాను. స్థాపించేటప్పుడు అది అడగని ప్రశ్న లేదు. ఏ ఎడిటర్ కావాలి? (విమ్‌ను తానే ముందుగా ఎంచి పెడుతుంది. అందులోంచి బయటపడే దారి తెలియక కిటికీనే మూసేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.) పంక్తుల చివరలు విండోస్ పద్ధతిలో ఉండాలా, యునిక్స్ పద్ధతిలోనా? తొలి శాఖకు ఏ పేరు? అన్నిటికీ బదులిచ్చాను. ఫైళ్ళ పేర్లు ఏ లిపిలో ఉంటాయని మాత్రం అడగలేదు.

‘వాన’ అనే కథను ఆ పేరుతోనే దాచి, స్థితి చూపమన్నాను. తెరమీద వాన లేదు. 340, 260, 265 అంటూ ఏటవాలు గీతల వెంట తొమ్మిది సంఖ్యలు! యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. దీర్ఘం కూడా వేరే సంకేతమే. ఆస్కీ దాటిన బైట్లను గిట్ అసాధారణమైనవిగా ఎంచి ఇలా అష్టాంశ సంఖ్యల్లో చూపుతుంది. ‘అసాధారణం’ అన్న మాట నేను కల్పించింది కాదు, దాని సహాయ పత్రంలోనిదే. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని మొదలుపెట్టిన నాటికి యూనికోడ్ చూపలేని తెరలు ఎన్నో ఉండేవి కనుక ఆ జాగ్రత్తను అర్థం చేసుకోగలను. నేటికీ అదే ముందస్తు అమరికగా ఉండడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

ఇక మిత్రుల సలహా. అదీ చేసి చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ‘కల’కూ ‘కళ’కూ ఒకటే రూపం. పోయినేడు ‘కళ’ను దాచబోతే, ఆ పేరుతో ఫైలు ఉంది, మార్చమంటారా అని అడిగింది. పాత ‘కళ’ ప్రతే కదా అని ఔనన్నాను. పోయింది ‘కల’. మూడు నెలల శ్రమ. గిట్ జోలికి వెళ్ళింది ఆ దెబ్బతోనే. అది పెట్టుకున్నాక మళ్ళీ అవే పేర్లకు పొమ్మంటే ఎలా?

కోర్ డాట్ కోట్‌పాత్ అన్న అమరికను ఫాల్స్ చేస్తే వాన వానలాగే కనిపిస్తుంది. ఒక్క ఆదేశం చాలు. “మరింకేం?” అంటారు. ఆ ఆదేశం తెలిసినవాడికి ఇబ్బందే లేదు. తెలియనివాడు తెలుగే కంప్యూటరుకు పనికిరాదనుకుని, బుద్ధిగా ఇంగ్లీషు పేర్లకు మళ్ళుతాడు. నా మిత్రులూ అలా మళ్ళినవారే.

‘కల’ను మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాను. నాలుగు పుటలయ్యాయి. ఫైలు పేరు తెలుగులోనే ఉంది.