ఇల్లు సరే, ఊళ్లో చోటేది?

2025 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టు ముందుకు పట్టణ నిరాశ్రయుల కేసు ఒకటి విచారణకు వచ్చింది. నగరాల్లో ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద రాత్రులు గడిపేవారికి తల దాచుకునే చోటు కల్పించాలన్నదే ఆ కేసు సారాంశం. వాదనల మధ్యలో ధర్మాసనం దృష్టి ఉచిత పథకాల మీదికి మళ్లింది. ఊరికే రేషనూ డబ్బూ అందుతుంటే జనం పనికి రావడానికి ఇష్టపడడం లేదనీ, వీరిని ప్రధాన స్రవంతిలోకి తెచ్చేందుకు బదులు ఒక పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేస్తున్నామా అనీ ధర్మాసనం ప్రశ్నించింది.

ఆ మాట అన్నది జస్టిస్ బి.ఆర్. గవాయ్. అంబేడ్కర్ బాటలో నడిచిన రిపబ్లికన్ పార్టీ నాయకుడు ఆర్.ఎస్. గవాయ్ కుమారుడాయన. అంతకు మూడు నెలల ముందే, 2024 నవంబరులో, బుల్డోజర్ కూల్చివేతల కేసులో ఆశ్రయం పొందే హక్కు 21వ అధికరణలో భాగమేనని తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఉన్నవారు. అందుకే ఆ వ్యాఖ్యను ఒక వ్యక్తి తొందరపాటుగా తీసిపారేయలేకపోతున్నాను. ఇల్లు కూలిపోయినవాడి పట్ల కలిగిన సానుభూతి, అసలు ఇల్లే లేనివాడి దగ్గరికి వచ్చేసరికి అనుమానంగా మారింది. మన మధ్యతరగతి మాట్లాడే తీరు కూడా ఇదే. అంబేడ్కర్ బాటలో వచ్చినవారి నోట సైతం ఆ మాట పలికిందంటే అది ఎంత లోతుకు ఇంకిందో ఊహించవచ్చు.

ఈ మనస్తత్వాన్ని నేను మొదటిసారి దగ్గరగా చూసింది రెండు దశాబ్దాల కిందట, పీజీ చదువుకోసం హైదరాబాద్ వచ్చినప్పుడు. అద్దెగది కోసం ఒక రిటైర్డు ప్రభుత్వోద్యోగి ఇంటికి వెళ్లాను. మర్యాదస్తుడు, మంచినీళ్లు తెప్పించి ఇచ్చారు. చేతిలోని పేపరు మడిచి, ‘ఓట్ల కోసం ఇలా అందరికీ ఇళ్లు పంచుకుంటూ పోతే పన్నులు కట్టేవాళ్లం ఏమైపోవాలి బాబూ’ అన్నారు. తరువాత తమ ఇంటి కథ చెప్పారు. ఉద్యోగుల హౌసింగ్ సొసైటీకి ప్రభుత్వం తక్కువ ధరకు స్థలమిచ్చిందట, ఇప్పుడు దాని విలువ లెక్కకు అందనిదట. ఆ తరువాత మా ఊరు అడిగారు, నాన్న ఏం చేస్తారని అడిగారు. చివరికి ‘మీరు ఏమిట్లు?’ అన్నారు. చెప్పాను. ‘మా ఇంట్లో పెద్దవాళ్లున్నారు, ఏమనుకోకు బాబూ’ అని గేటు దాకా వచ్చి సాగనంపారు.

అరగంటలో ఆయన నాకు పెద్ద పాఠమే చెప్పారు. సర్కారు భూమి తమ వాళ్లకు అందితే అది సేవకు దక్కిన గౌరవం. నా వాళ్లకు అందితే ఉచితం. నాకు అద్దె చెల్లించే స్తోమతు ఉన్నా ఇల్లు మాత్రం లేదు.

ఇది ఆ ఒక్క పెద్దమనిషి లెక్క అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. ఉమ్మడి రాష్ట్రంలో, హైదరాబాద్ మహానగర పరిధిలో పార్లమెంటు సభ్యులకు, శాసనసభ్యులకు, అఖిల భారత సర్వీసుల అధికారులకు, న్యాయమూర్తులకు, పాత్రికేయులకు ఇళ్ల స్థలాల పేరిట ప్రభుత్వ భూమిని నామమాత్రపు ధరకు ఇచ్చారు. 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు ఆ కేటాయింపులను కొట్టివేసింది. తీర్పు మంచిదే. అయితే అన్నేళ్ల పాటు ఆ భూముల గురించి రాసినవారెవరూ, మాట్లాడినవారెవరూ ఆ లబ్ధిదారులను పరాన్నజీవులని అనగా నేను వినలేదు. సోమరితనం ప్రస్తావన రాలేదు. పాత పన్ను విధానంలో గృహరుణం వడ్డీ మీద ఏటా 2 లక్షల రూపాయల దాకా ఇచ్చే మినహాయింపు కూడా ప్రభుత్వం ఇంటికి చేస్తున్న సాయమే. దాన్ని ఎవరూ ఉచిత పథకాల జాబితాలో చేర్చరు. కాబట్టి ఖజానా మీద బెంగ అనేది పైకి చెప్పే కారణం మాత్రమే.

అసలు కారణానికి మూలం వెతకాలంటే ఊరి భూగోళం చూడాలి. మా కాలనీ 1980ల నాటిది. చెరువు పోరంబోకులో, శ్మశానానికి ఇవతల, ఊరికి పల్లపు వైపున కట్టారు. వాన గట్టిగా కురిస్తే ఊరి నీళ్లన్నీ మా గడపల్లోంచే పోతాయి. అయినా కాలనీ వచ్చినందుకు మా అమ్మ తరం ఎంత సంతోషించిందో నాకు తెలుసు. తాటాకు గుడిసె పోయి గోడలు లేచాయి. వేసవిలో నిప్పు భయం పోయింది. ఎన్టీఆర్ కాలం పక్కా ఇళ్ల నుంచి 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల దాకా ఈ పథకాలు లక్షల కుటుంబాలకు ఇచ్చిన భద్రతను తక్కువ చేసి మాట్లాడేవారితో నాకు పొత్తు లేదు. నేనడిగేది వేరు. కప్పు మారింది గానీ దిక్కు ఎందుకు మారలేదు? వెలివాడ ఏ దిక్కున ఉండేదో కాలనీ కూడా ఆ దిక్కునే ఎందుకు వచ్చింది? ఊరి నడిమధ్య ఖాళీ స్థలం లేక కాదు. ఆ స్థలం మా కోసం కొనాలని ఏ తహసీల్దారుకూ తోచలేదు, తోచినా ఊరు పడనివ్వలేదు.

కులం ఇల్లు ఉన్నవాడిని కూడా నిలువనీడ లేనివాడిని చేయగలదు. 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్లిన అంబేడ్కర్‌ను ఆయన బస చేసిన పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకున్న గుంపు వెళ్లగొట్టింది. కొలంబియా, లండన్‌లలో చదువుకొని వచ్చిన ఆ ఉద్యోగికి నగరంలో ఒక్క ఇల్లు దొరకలేదు. కమాఠీబాగ్ తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే ఈ సంగతి రాసుకున్నారు. ఆ రోజు ఆయనకు జీతం ఉంది, హోదా ఉంది. నిరాశ్రయత అంటే పేదరికమని మాత్రమే చదువుకున్న విద్యార్థులు ఈ ఒక్క రోజు గురించి ఆలోచించాలి.

మన గడ్డ మీదికి వద్దాం. 1985 జూలై 10న, ఓల్గా టెలిస్ కేసులో, బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల విషయంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందన్నది. అదే తీర్పులో, పద్ధతి ప్రకారం నోటీసులిచ్చి ఫుట్‌పాత్‌ల మీది వారిని ఖాళీ చేయించవచ్చనీ అన్నది. సరిగ్గా వారం తిరిగేసరికి, జూలై 17న, కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. చావగా మిగిలినవారు ప్రాణాలు అరచేత పట్టుకొని చీరాల చేరి చర్చి ఆవరణలో శిబిరం వేశారు. కారంచేడులో వాళ్లకు ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో ఉండే వీలు మాత్రం లేదు. చివరికి చీరాలలోని విజయనగర్ కాలనీ వాళ్ల ఊరయింది. ఢిల్లీలో వెలువడిన తీర్పునూ కారంచేడు నుంచి చీరాలకు సాగిన ఆ నడకనూ కలిపి చదివే అలవాటు మన న్యాయశాస్త్ర తరగతులకు లేదు.

ఆశ్రయం హక్కు గురించి చెప్పేటప్పుడు తప్పక ఉదహరించే మరో తీర్పు చమేలీ సింగ్ కేసు. ఆహారం, నీరు, విద్యతో పాటు ఆశ్రయం కూడా జీవించే హక్కులో భాగమని విస్తారంగా చెప్పిన తీర్పది. రాసింది మన రాష్ట్రం నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. అందరూ ఉదహరిస్తారు గానీ, ఆ కేసు అసలు ఎందుకు పుట్టిందో చెప్పేవారు తక్కువ. ఉత్తరప్రదేశ్‌లో ఒకచోట షెడ్యూల్డ్ కులాలవారికి ఇళ్లు కట్టడం కోసం ప్రభుత్వం అత్యవసర నిబంధన కింద భూమి సేకరించింది. తమ భూమి ఇవ్వబోమంటూ భూయజమానులు కోర్టుకెక్కారు. దళితుల ఇళ్ల అవసరం అత్యవసరమేనని కోర్టు వారి వాదనను తోసిపుచ్చింది. అంటే ఈ దేశంలో ఆశ్రయం హక్కుకు అంత గట్టి వ్యాఖ్యానం రావడానికి సందర్భం, దళితుల ఇళ్లకు భూమి ఇవ్వడానికి భూమిగలవారు ఒప్పుకోకపోవడం.

ఇక అమరావతి ఆర్-5 జోన్. రాజధాని ప్రాంతంలో వేయికి పైగా ఎకరాలు పేదల ఇళ్ల స్థలాలకు కేటాయించి, 2023 మేలో 50 వేలకు పైగా మహిళలకు సెంటు చొప్పున అప్పటి ప్రభుత్వం పట్టాలిచ్చింది. ఆగస్టులో హైకోర్టు నిర్మాణాలు నిలిపివేసింది. రాజధాని కోసం భూములిచ్చిన రైతుల అభ్యంతరంలో న్యాయమే లేదని నేననను. మాస్టర్ ప్లాన్ చూపించి భూమి తీసుకొని, తరువాత ఆ ప్లాన్ మార్చితే అడిగే హక్కు వారికుంది. రాజధాని పనులను అటకెక్కించిన ప్రభుత్వానికి హఠాత్తుగా అక్కడే పేదలు గుర్తుకు రావడంలో రాజకీయం లేదనీ అనను. పైగా సెంటంటే 48 గజాలు, అందులో మంచం వేస్తే మనిషి తిరగలేడు.

ఇవన్నీ ఒప్పుకున్న తరువాత కూడా ఒకటి మిగిలిపోతుంది. పేదలు వస్తే రాజధానిలో ‘జనాభా సమతుల్యత’ దెబ్బతింటుందన్న మాట ఆ వివాదంలో నలిగింది. ప్రత్యర్థులు కోర్టులో ఇలా వాదించారని అప్పటి ముఖ్యమంత్రి సభల్లో పదే పదే చెప్పారు. ఎవరన్నారన్న తగవు పార్టీలకు వదిలేద్దాం. నన్ను కలవరపెట్టింది మరొకటి. సమతుల్యత అంటే ఏమిటో, అది ఎవరి రాకతో చెడుతుందో తెలుగు నేల మీద ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. టీకొట్టు దగ్గరా తరగతి గదిలోనూ అందరికీ ఒకేలా అర్థమైంది. మరచిపోయిన సంగతి ఒకటుంది. రాజధాని కోసం 2014లో చేసిన సీఆర్‌డీఏ చట్టమే, భూసమీకరణ విస్తీర్ణంలో కనీసం 5 శాతం పేదల ఇళ్లకు కేటాయించాలని చెప్పింది. అంటే పేదలు ఆ నగరానికి పిలవని పేరంటానికి వచ్చినవారు కారు. వారి వాటా పునాదిలోనే రాసి ఉంది. ఇవాళ రాజధాని పనులు మళ్లీ ఊపందుకున్నాయి. ఆ 5 శాతం ఎక్కడ ఉంది, నగరం నడుమనా, అంచునా అని నేటి ప్రభుత్వాన్ని అడగాలి. అప్పటి ప్రభుత్వాన్ని సమర్థించినవారూ వ్యతిరేకించినవారూ కలిసి అడగదగిన ప్రశ్న ఇదొక్కటే అనుకుంటాను.

తెలంగాణలో కథ మరో దారిన నడిచింది. డబుల్ బెడ్‌రూం ఇళ్లు నాణ్యతలో సెంటు భూమి ఇళ్లకన్నా ఎంతో మెరుగు. కానీ 15,660 ఇళ్ల కొల్లూరు సముదాయం నగరానికి ఏ కొసన ఉందో చూడండి. నగరం నడుమ నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషిని అక్కడికి పంపితే ఆమెకు ఇల్లొస్తుంది, పని పోతుంది. చివరికి ఎవరో ఆ ఇంటిని అద్దెకిచ్చి పాత బస్తీకే తిరిగొస్తే ‘చూశారా, వీళ్లకు ఇళ్లిచ్చినా అంతే’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం ఇంటికి 5 లక్షలు ఇస్తున్నది. మొదటి విడత సొంత స్థలం ఉన్నవారికన్నారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలోనూ లబ్ధిదారు తనే కట్టుకునే విభాగానికి స్థలం ఉండి తీరాలి. స్థలం ఎవరికి ఉంటుంది? మా వాడలో ఒక్క గదికి చీర అడ్డంగా కట్టి రెండు సంసారాలు నడుస్తున్నాయి. వాళ్ల చేతిలో అర్హత ఉంది, కాళ్ల కింద జాగా లేదు. ఉన్నవాడికే ఇల్లు దక్కేలా షరతు పెట్టి, లేనివాడు అడిగితే సోమరి అనడం ఏ న్యాయం?

2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లులేనివారు 17.7 లక్షల మంది. చీర అడ్డం కట్టుకున్న సంసారాలు ఆ లెక్కలో లేవు, ఎందుకంటే వారికి కప్పు ఉంది. శిబిరాల్లో, గుడారాల్లో ఊరూరూ తిరిగే సంచార జాతుల్లో ఎందరు ఆ లెక్కకు చిక్కారో అనుమానమే. ఇళ్లులేనివారిని ఒక్క రాత్రిలో లెక్కపెడతారు. 2011లో అది ఫిబ్రవరి 28 రాత్రి. ఈసారి 2027 ఫిబ్రవరిలో జరిగే జనగణనలో కులం కూడా నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. ఫుట్‌పాత్ మీది మనిషి కులం ఏమిటో, అన్ని కులాలకూ కలిపి, దేశానికి తెలిసే అవకాశం ఇప్పుడు వస్తున్నది. ఆ రాత్రి ఎన్యూమరేటర్లు బస్టాండు ముందు నుంచి టార్చి వేసుకుంటూ వెళ్లిపోతే ఆ అవకాశం పోతుంది. విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థి సంఘాలు ఇప్పటి నుంచే తమ పట్టణాల్లో ఎవరెక్కడ పడుకుంటున్నారో జాబితాలు రాసి పెట్టుకుని, ఆ రాత్రి ఎన్యూమరేటర్ల వెంట నడవాలని నా విన్నపం. మొదలు మీ హాస్టల్ గేటు ముందున్న ఫుట్‌పాత్‌తోనే పెట్టండి.